బస్తా పడే వేగం

ముందు పోయినవి లెక్క వేశాను. ఐదు ఫ్లాపీల్లో మూడు బూజు పట్టాయి. వివరాలు రాసుకున్న నోటుబుక్కును చెదలు తినేశాయి. ఆట నడిచిన కంప్యూటర్లు రెండూ పాత సామాన్ల బండి ఎక్కాయి. నలభై లెవెల్స్‌లో చివరి మూడు లేవు. దక్కినవి ముప్పై ఏడు.

నాకు ఇరవై ఏళ్లప్పుడు, తెనాలిలో రైసుమిల్లు గుమాస్తాగా ఉంటూ, పుస్తకం చూసి నేర్చుకుని రాసిన ఆట అది. పైనుంచి ధాన్యం బస్తాలు పడుతుంటాయి. కిందనున్న హమాలీ వాటిని అటూ ఇటూ నెట్టి, ఒకే గుర్తున్న మూడింటిని పక్కపక్కన చేరిస్తే లారీ ఎక్కుతాయి. నెత్తిన పడితే ఆట సరి. రేపల్లెలో వీడియో గేముల షాపు నడిపిన ఒక అక్క దాన్ని తన షాపులో పెట్టించుకుని, ముప్పై తొమ్మిది లెవెల్స్ గెలిచింది. నలభయ్యోది మొదలుపెట్టకముందే కంప్యూటరు పాడైంది. తర్వాత షాపూ మూసేశారు.

ఈమధ్య బాపట్ల మిత్రుడు ఆ ఆటను సెల్‌ఫోనులోకి తెస్తానన్నాడు. అక్కకు ఫోను చేసి చెప్పాను.

"అయితే ఆ నలభయ్యోది చూపించు తమ్ముడూ. నాకు అదొక్కటే మిగిలిపోయింది" అంది.

తీరా ఫోనులో పెడితే బస్తాలు వడగళ్లలా కురిశాయి. తప్పు నాదే. బస్తాకూ బస్తాకూ మధ్య కాసేపు ఆగడానికి, కంప్యూటరు చేత ఒకటి నుంచి తొమ్మిది వేల దాకా అంకెలు లెక్కపెట్టించాను. పాత యంత్రానికి అది తీరుబడి పని. ఇప్పటి ఫోను రెప్పపాటులో ముగించేస్తోంది.

"ఏంట్రా, గడియారం చూడమనకుండా అంకెలు లెక్కపెట్టమన్నావా? నీ గుమాస్తా బుద్ధి కంప్యూటరుకీ అంటించావు!" అని మిత్రుడు పగలబడి నవ్వాడు. "సెకనుకొకటి పెట్టేద్దాం."

"వద్దు. అసలు వేగం తెలిసిన మనిషి రేపల్లెలో ఉంది."

మర్నాడు ఇద్దరం ప్యాసింజరు ఎక్కాం. అక్క ఇప్పుడు జాకెట్లు కుడుతోంది. అప్పట్లోనూ షాపులో కంప్యూటరు పక్కనే కుట్టుమిషను ఉండేదట.

"చేతులు ఆటమీదున్నా కాళ్లు ఊరుకునేవి కావు తమ్ముడూ. నాలుగు తొక్కులకు ఒక బస్తా" అంటూ తొక్కి చూపింది. పదిసార్లు కొలిచాను. సగటు సెకనున్నర కన్నా పిసరు తక్కువ. అది పెట్టాం. అక్క ఫోను తీసుకుని మూడో లెవెల్ దాటకుండానే "ఇదీ!" అంది.

ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది గుర్తున్నాయంటూ పాత గుడ్డమీద సుద్దతో గీసిచ్చింది. నలభయ్యోది ఆమె చూడలేదు, నాకు గుర్తు లేదు.

"ఏదో ఒకటి గీసి ఇదే అదని చెప్పరా" అని మిత్రుడు గొణిగాడు.

అక్క వినేసింది. "అబద్ధాలొద్దు అబ్బాయ్. కొత్తదే గియ్యండి. కానీ నేను కనీసం మూడుసార్లు ఓడిపోవాలి. లేకపోతే అది చివరిదెలా అవుతుంది?"

ఆట ముప్పై తొమ్మిదితోనే విడుదలైంది. ఆడినవాళ్లు బాగుందంటున్నారు. నేను మాత్రం నలభయ్యోది గీసి, మిత్రుడి చేత ఆటలో పెట్టించి అక్కకు పంపుతూనే ఉన్నాను. ఆరు పంపితే ఆరూ మొదటిసారే గెలిచేసింది. మొన్నటిదానికి "ఉప్మా కలియబెట్టుకుంటూ ఎడంచేత్తో ఆడాను తమ్ముడూ" అని జవాబు పెట్టింది.

ఏడోది సగంలో ఉంది. అక్కకు నేనివ్వాల్సింది, నేటికీ, ఒకటి.