ఎవాంథియా గుండెమంట

కియోస్ దీవిలో ఎవాంథియా ఉండే సందులో కడుపుతో ఉన్న మనిషి ముక్కుకు ఏ వాసన సోకినా, వండినవాళ్లు ఆమెకో పళ్లెం పంపాల్సిందే. ఆ ఆచారం పెట్టినవాడెవడోగానీ ఏనాడూ కడుపు మోసినవాడు కాడు. ఏడో నెలలో ఉన్న ఎవాంథియాకు పొద్దున వేపిన చేపలు, మధ్యాహ్నం నూనెలో తేలే వంకాయలు. సాయంత్రానికి గొంతుదాకా మంట.

"గుండె మండితే బిడ్డకు జుట్టు ఒత్తుగా ఉంటుందిలేవే, ఓర్చుకో," అనేది అత్త కల్లిరోయి.

మంత్రసాని మాత్రం కొంచెం కొంచెంగా తినమంది, తినగానే నడుం వాల్చొద్దంది. పళ్లెం తిప్పి పంపితే పొరుగువాళ్లు చిన్నబుచ్చుకుంటారు. అందుకని ఎవాంథియా ప్రతిదాంట్లో ఒక్క ముక్క నోట్లో వేసుకుని, మిగిలింది అత్త ముందుకు జరపసాగింది. "పారేస్తే పాపం," అంటూ ఆవిడ పళ్లెం తుడిచినట్టు తినేది.

పది రోజులకు కోడలి మంట తగ్గింది. ఆమె హాయిగా కుట్టుమిషన్ తొక్కుతుంటే, అత్త గుండె రుద్దుకుంటూ వచ్చి కుర్చీలో కూలబడింది.

"ఒకటే మంటే అమ్మాయ్!"

ఎవాంథియా మిషన్ ఆపలేదు. "ఓర్చుకోండి అత్తయ్యా. మీకు పుట్టేవాడికీ జుట్టు ఒత్తుగానే ఉంటుందిలెండి."