కోతకు నోచుకున్నదాన్ని

మోకాలి ఎముకలో క్యాన్సరు వచ్చినప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. చోడవరంలో డిగ్రీ చదువుతున్నాను. కీమో ఇచ్చారు, పాడైన ఎముక తీసి లోహపు కీలు వేశారు. ఊడిన జుట్టు మళ్ళీ వచ్చింది. కొంచెం కుంటుకుంటూ కాలేజీకి కూడా వెళ్ళాను. అయిపోయిందనుకున్నాం. రెండేళ్ళ తరవాత, దగ్గు లేదు, ఆయాసం లేదు, మామూలుగా తీసే స్కానులో కుడి ఊపిరితిత్తిలో రెండు మచ్చలు కనబడ్డాయి.

విశాఖ ఆసుపత్రి నుంచి అమ్మ ఫోను చేసేసరికి నాన్న చెరకు నరికిస్తున్నాడు.

"మోకాల్లోది తీసేసేరు గదా, మరి గుండెల్లోకెలాగెళ్ళింది?" అన్నాడు.

అమ్మ ఫోను నా చేతికిచ్చేసింది. అది ఎముకదే, రక్తంలో కలిసి అక్కడికి చేరిందని డాక్టరు చెప్పినట్టే చెప్పాను. ఆ తరవాత ఫోనులో కూలీల మాటలు మాత్రమే చాలాసేపు వినబడ్డాయి.

వార్డులో నా పక్క మంచం దేవరాపల్లి అమ్మాయిది. నాకంటే ఏడాది చిన్న. ఆమెకూ మోకాలే, తిరగబెట్టింది ఊపిరితిత్తుల్లోనే. తండ్రి లేడు. తల్లి కౌలుకు వరి పండిస్తుంది. మొదటిరోజే ఆ అమ్మాయి తన కాలు నా కాలి పక్కన పెట్టి చూసుకుంది.

"నీ కుట్లే బాగున్నాయే. నాది గోనిసంచి కుట్టినట్టు కుట్టేరు," అని నవ్వింది. ఆ వార్డులో నేను నవ్వడం అదే మొదలు.

ఒకరోజు పెద్ద డాక్టరు మా ఇద్దరి స్కానులూ చూశారు. నావి రెండే, ఒకే పక్కన ఉన్నాయి గనక తీసెయ్యొచ్చన్నారు. మళ్ళీ రాదని మాటివ్వలేను గానీ ఆశ ఉందన్నారు. తరవాత ఆ అమ్మాయి తల్లిని బయటికి పిలిచారు. తల్లి కొంగు నోటికడ్డం పెట్టుకుని తిరిగొచ్చింది.

"ఏటి సెప్పేరమ్మా?"

తల్లి మంచం కింది సంచి సర్దడం మొదలెట్టింది. అమ్మాయి రెండోసారి అడగలేదు. రెండువైపులా చాలా ఉన్నాయని, కొయ్యడానికి లేదని సాయంత్రానికి వార్డంతా తెలిసింది.

దీపాలు వేసే వేళకు ఆమె నా వైపు తిరిగింది. "నీకు కోస్తారంట గదేటి?"

"ఊఁ."

"నీది అదురుష్టమే."

పక్కటెముకల మధ్య కోస్తారని పొద్దుటి నుంచీ వణుకుతున్నాను. ఆ మాటతో నా భయం సిగ్గయిపోయింది. దుప్పటి సర్దుకున్నాను.

ఆపరేషనయిన మూడో రోజు, ఊపిరి గట్టిగా పీల్చమంటే నొప్పికి ఏడ్చేశాను. ఆమె చక్రాల కుర్చీలో నా మంచం దగ్గరికొచ్చింది. "నన్ను సూడు. నాను పీలుస్తాను, నువ్వూ పీల్సు," అంది. దగ్గు ఆపుకుంటూ పదిసార్లు పీల్చింది. నేనూ పీల్చాను.

ఆ వారమే ఆమెను మాత్రలిచ్చి ఇంటికి పంపేశారు. మొదట్లో రోజూ ఫోను చేసేది. తరవాత మాట మధ్యలో ఆగి ఆయాసపడేది. ఆఖరికి తల్లే ఫోను ఎత్తి, "పడుకుందమ్మా, లెగిసేక సెప్తాను," అనేది.

నాకు మళ్ళీ కీమో మొదలై, రక్తకణాలు పడిపోయి గది దాటనివ్వని రోజుల్లో ఆమె పోయింది. పదకొండో రోజు దాటేవరకూ అమ్మ నాకు చెప్పలేదు. చెప్పాక రెండు రోజులు అమ్మతో మాట్లాడలేదు. నన్ను కాపాడుకోవడానికే దాచిందని తెలుసు. అయినా మాట్లాడలేకపోయాను.

ఏడాది తరవాత అమ్మా నేనూ దేవరాపల్లి వెళ్ళాం. కబురందుకుని ఆ తల్లి నాట్ల మధ్యలోంచి వచ్చింది. కాళ్ళు కడుక్కుని నా పక్కన కూర్చుంది.

"ఊపిరందుతందా అమ్మా?"

"అందుతంది పిన్నీ."

నా వీపు మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉంచింది. తరవాత లేచి మాకు అన్నం పెట్టింది. నేను తినేంతసేపూ ఎదురుగా కూర్చుని చూసింది. బయల్దేరేటప్పుడు వీధి గుమ్మం దాకా వచ్చింది.

"మళ్ళీ రా అమ్మా," అని, వెంటనే తల అడ్డంగా ఊపింది. "వద్దులే. నిన్ను సూస్తే సంతోషంగానే ఉంటాది. ఆనక రెండు రోజులు నాకు ముద్ద దిగదు."

మళ్ళీ వెళ్ళలేదు. ఇది జరిగి నాలుగేళ్ళు. స్కానులకు విశాఖ వెళ్తూనే ఉన్నాను, ఇప్పటిదాకా ఏమీ లేదన్నారు. ఆ మాట విన్న ప్రతిసారీ ఆ తల్లికి ఫోను చేసి చెప్పాలా అని ఆలోచిస్తాను. చెయ్యను.