వెలితి చూపించే ముల్లు

ఆ రోజుల్లో నాకు రాని పని అంటూ ఏదీ లేదు. డిప్లొమా చేతికొచ్చింది, ఉద్యోగం రాలేదు. ఆ రెంటికీ మధ్య ఖాళీగా ఉన్న కాలంలో మనిషికి వచ్చే ధైర్యం మళ్ళీ జీవితంలో రాదు. ఫోనులో ఒక వీడియో చూస్తే ఆ పని వచ్చేసినట్టే. రెండు చూస్తే ఇంకొకరికి నేర్పడానికి సిద్ధం. అనకాపల్లిలో మా వీధిలో తిరిగే ఫ్యాన్లలో సగం నేను బాగుచేసినవే. (తిరగని ఫ్యాన్లు కూడా నేను బాగుచేసినవే, ఆ సంగతి అప్పట్లో చెప్పేవాణ్ణి కాదు.) ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్రాడి చెవి మెలిపెట్టాలనిపిస్తుంది. మెలిపెట్టాల్సిన రోజుల్లో మాత్రం ఆ పని ఎవరూ చెయ్యలేదు. పైగా మా మామయ్య అతన్ని నమ్మాడు.

మామయ్య అంటే మా అమ్మ తమ్ముడు. బెల్లం మార్కెట్‌లో ఆయన్ని అందరూ కాటా మామ అనేవారు. బెల్లం దిమ్మ తూచేటప్పుడు కాటా ముల్లు ఊగడం ఆగేదాకా ఊపిరి బిగబట్టి నిలబడేవాడని ఆ పేరు వచ్చింది. "మనిషి అబద్దమాడతాడు అల్లుడా, ముల్లు ఆడదు" అన్నది ఆయన వేదం. కాటా మీద అనుమానం వస్తే ఆ పూటకి కొట్టు మూసేసేవాడు గాని దాని మీద తూచేవాడు కాదు.

ఎస్. రాయవరం దాటి సముద్రం వైపు వెళ్తే ఒక ఉప్పుటేరు వస్తుంది. దానికి అవతల మామయ్యకి కొబ్బరితోట ఉంది. రోడ్డు మీద చుట్టూ తిరిగి వెళ్ళాలంటే గంట పైనే పడుతుంది, ఏరు దాటితే పావుగంట. అందుకని విశాఖలో ఎవరో సరదాకి కొనుక్కుని, సరదా తీరాక అమ్మేసిన చిన్న మోటారు బోటు ఒకటి కొన్నాడు. తెల్లటి ఫైబరు బోటు. స్టీరింగు ముందు కారులో ఉన్నట్టే మీటర్ల పలక. ఉప్పుగాలికి ఆ పలకలోని నాలుగు మీటర్లూ చచ్చిపోయి ఉన్నాయి. అద్దాల లోపల తుప్పు, ముళ్ళు ఎక్కడివక్కడే. ముల్లు కదలని యంత్రాన్ని మామయ్య నడపడు. విశాఖ నుంచి మెకానిక్‌ని పిలిపిస్తానని ఆయన అంటే, "నేనుండగా మెకానిక్ ఎందుకు మామయ్యా" అన్నవాణ్ణి నేనే.

దీనికి తోడు దేవరాపల్లి ఆయన. ఆయన మా అత్తకి అన్నయ్య, చెరకు రైతు, మామయ్యని ఆటపట్టించడం కోసమే ఈ లోకంలోకి వచ్చినవాడు. "బెల్లం నీళ్ళల్లో పడితే ఏటవుతాదో తెలిసుండి పడవ కొన్నావేటి బావా" అని ఒక పెళ్ళిపందిట్లో పదిమంది వినేలా అన్నాడు. మామయ్యకి అది ముల్లులా గుచ్చుకుంది. "ఈ ఏడు కార్తీక వనభోజనాలు మా తోటలోనే బావా. నిన్ను ఆ పడవ మీదే దాటిత్తాను. మీటర్లన్నీ మా అల్లుడే పెడతన్నాడు" అని అక్కడికక్కడే మాటిచ్చేశాడు. అంటే మామయ్య పరువు ఆ రోజు నుంచి నా స్పానర్ చివర వేలాడుతోందన్న మాట.

ఇక ఆ మీటర్లు బిగించడం. కొత్తవి నాలుగూ పాత కన్నాల కంటే కాస్త పెద్దవి. కాస్తంటే ఎంత? నా సహనం కంటే ఎక్కువ. ఆకురాయి పట్టి రాస్తుంటే ఫైబరు పొడి మెడ దగ్గర దిగి నడుము దాకా దురదపెట్టింది. ఆ దురదలో ఒక కన్నం ఎక్కువ రాసేశాను, మీటరు అందులోంచి లోపలికి జారి పడిపోయింది. సైకిలు ట్యూబు ముక్క చుట్టి దాన్ని నిలబెట్టాను. పలక వెనక తీగలు కలపాలంటే వెల్లకిలా పడుకుని తల లోపల, కాళ్ళు బయట పెట్టుకోవాలి. ఆ తీగలు ఒకప్పుడు ఎరుపు, నలుపు, పసుపు అయి ఉంటాయి. ఉప్పు తిని తిని అన్నీ పాత కొబ్బరిపీచు రంగుకి వచ్చేశాయి. నట్టు జారితే బోటు అడుగుకి పోతుంది. బోటు అడుగుకి పోయిన నట్టు ఇక దేవుడిదే. మామయ్య టార్చి పట్టుకున్నాడు.

"మామయ్యా, ఇటు వెయ్యి."

"ఎటు?"

"నా చేతి మీద."

"నీ చెయ్యి నాకు బాగానే కనబడతంది కదేటి."

"నాకు కనబడాలి మామయ్యా."

"నీ చెయ్యి ఎక్కడుందో నీకు తెల్దేటి?"

ఇంతలో అత్త గట్టు మీంచి అడిగింది. "టీ తెచ్చేను అల్లుడూ. కాళ్ళకి ఇమ్మంటావా, తల బయటికి వత్తాదా?"

ఎలాగో బిగించాను. తాళం తిప్పాం. ఇంజను వేగం చూపించేది లేచింది, వేడి చూపించేది లేచింది, బ్యాటరీది లేచింది. పెట్రోలు ముల్లు మాత్రం ఖాళీ గీత దగ్గర పడుకుని ఉంది. ట్యాంకు చూస్తే అప్పుడే మూతి దాకా నింపాం. తీగలు మార్చాను, అద్దం మీద కొట్టాను, తిట్టాను. లేవలేదు. కొంచెం పెట్రోలు తోడి చూస్తే అప్పుడు లేచింది. ఇంకొంచెం తోడితే ఇంకొంచెం లేచింది. తీసిన కొద్దీ నిండుతున్న ట్యాంకు అది.

"ఏటిది?" అన్నాడు మామయ్య.

నాకు దురదగా ఉంది, ఆకలిగా ఉంది, ఆ పలకలోకి మళ్ళీ తల దూర్చే ఓపిక లేదు. నోటికి వచ్చింది చెప్పాను. "పడవల్లో ఇంతే మామయ్యా. ఇది ఉన్నది చూపించదు, వెలితి చూపిస్తుంది. ఇంకా ఎంత పడుతుందో తెలియాలి కదా."

మామయ్య చాలాసేపు ఆలోచించాడు. నేను నిజం ఒప్పేసుకునే లోపే ఆయన ముఖం విప్పారింది. "ఇదే నయం. ఉన్నది సూసుకుని మురిసిపోడం కాదు, తక్కువ ఎంతుందో సూసుకోవాల. పడవలోళ్ళు బుర్రున్నోళ్ళు" అన్నాడు. అప్పుడు నాకు సిగ్గు వేయాలి. హాయిగా అనిపించింది.

ఆ తరువాత మామయ్య ఆ సంగతి చెప్పని మనిషి మార్కెట్‌లో లేడు. "నిండితే సున్నా ఏటండీ, ఎక్కడైనా ఉందా" అని అత్త అడిగితే, "నీకు పడవల సంగతి తెల్దు" అని తేల్చేశాడు. ముల్లు నిండు గీత దగ్గరికి లేచినప్పుడల్లా బుద్ధిగా పెట్రోలు పోయించేవాడు. లెక్క తిరగేసి ఉన్నా ఆయన మాత్రం ఎక్కడా తప్పలేదు. నాకేమో బెల్లం మార్కెట్ వైపు వెళ్ళాలంటే కాళ్ళు రావడం మానేశాయి.

అసలు కారణం తరువాత తెలిసింది. ట్యాంకులో తేలే పాత బుడ్డి ఒక రకం, నేను కొన్న మీటరు ఇంకో రకం. ఒకటి నిండు అని చెబితే రెండోది ఖాళీ అని వింటుంది. మీటరుకి సరిపడే బుడ్డి తెప్పించాను. అది సరిగ్గా వనభోజనాల ముందురోజు వచ్చింది. మామయ్యతో చెప్పి పెట్టొచ్చు. కాని చెబితే ఇన్నాళ్ళూ ఆయన ఊరంతా చెప్పిందేమిటి? ముందు దిద్దేద్దాం, మంచి సమయం చూసి చెబుదాం అనుకున్నాను. (మంచి సమయం అనేది నాలాంటివాళ్ళు కనిపెట్టిన వస్తువు.) ఒక్కణ్ణే వెళ్ళి పెట్రోలు డబ్బాలోకి తోడేసి, కొత్త బుడ్డి పెట్టి, పరీక్షకని కొంచెం తిరిగి పోశాను. ముల్లు ఖాళీ గీత మీంచి ఒక్క పిసరు లేచి నిలబడింది. నిజం చెప్పింది. ఆ సంతోషంలో డబ్బా గట్టు మీద పాకలో పెట్టేసి, పొద్దున్నే వచ్చి నింపుతాను, చెబుతాను అనుకుంటూ ఈల వేసుకుని ఇంటికి వెళ్ళాను.

పొద్దున్నే అత్త నన్ను విస్తరాకులకి రాయవరం పంపింది. తిరిగి వచ్చేసరికి మిగతా బంధువులంతా రోడ్డు మీదుగా తోటకి వెళ్ళిపోయారు. బోటులో మామయ్య, అత్త, దేవరాపల్లి ఆయన, పులిహోర గుండిగ, పాయసం గిన్నె సర్దుకుని కూర్చున్నారు. నేను ఎక్కుతుండగా మామయ్య తాళం తిప్పాడు.

దేవరాపల్లి ఆయన మెడ చాపి చూశాడు. "ముల్లు ఖాళీ దగ్గరుందేటి బావా?"

మామయ్య ఈ ప్రశ్న కోసమే ఇన్నాళ్ళూ బతికినట్టు నవ్వాడు. "అది వెలితి బావా. వెలితి లేదు. అంటే నిండుగా ఉంది. కావాలంటే అడుగు మా అల్లుణ్ణి."

ముగ్గురూ నా వైపు చూశారు. పాకలో డబ్బా నా కళ్ళకి కనబడుతూనే ఉంది. పావుగంట దాటడానికి ఉన్నది సరిపోతుందని మనసులో లెక్క కట్టి, "అవును మామయ్యా" అన్నాను.

సరిపోయేదే. కాని బావ మొదటిసారి నోరు మూసుకుని కూర్చోవడం చూసి మామయ్యకి హుషారు వచ్చింది. బోటు తోట వైపు కాకుండా సముద్రం కలిసే మొగ వైపు తిప్పాడు. "బావకి సముద్రం సూపిత్తాను."

"మామయ్యా, నేరుగా పోదాం. అవతల అందరూ ఆకలితో ఉంటారు."

"ఉండనీ. ఆకలుంటేనే పులిహోర రుచి."

"పాయసం తొణుకుతుంది మామయ్యా."

"మీ అత్త పట్టుకుంది కదా. నీకెందుకురా అంత బెంగ?"

మొగ కనబడే చోట ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఆటు వచ్చి ఏటి నీళ్ళు సముద్రంలోకి లాగేస్తున్న వేళ అది. బోటు తనంతట తానే మెల్లగా మొగ వైపు జరగడం మొదలుపెట్టింది. మామయ్య ముల్లు చూసి, "నిండుగానే ఉంది" అన్నాడు. దేవరాపల్లి ఆయన పెద్దరికంగా తల ఊపి, "ఇంత నిండుగా ఉంటే ఎలా కదులుతాది బావా, బరువు" అన్నాడు. అత్త గుండిగ మూత నాకిచ్చి, పాయసం గిన్నె మూత వాళ్ళ అన్నయ్యకిచ్చింది. ఇద్దరం రెండు పక్కలా ఆ మూతలతోనే తెడ్లు వేశాం. తోట నుంచి ఫోను వస్తే, "వత్తన్నాం, వత్తన్నాం, మీరు ఆకులు ఏసుకోండి" అంది. ఆకులు నా ఒళ్ళో ఉన్నాయి. చివరికి మొగకి ఇవతల ఒక ఇసుక దిబ్బ దయతలిచి బోటుని పట్టుకుంది.

ఆ దిబ్బ మీద కూర్చుని చెప్పాను. వెలితి నేను కల్పించిన మాట అని, నిన్ననే దిద్దానని, ఇందాక తెలిసే అవునన్నానని. దేవరాపల్లి ఆయన నవ్వు ఆపుకోలేక నీళ్ళ వైపు తిరిగిపోయాడు. మామయ్య నవ్వలేదు, తిట్టనూ లేదు. ఇసుకలో వేలితో ఏదో గీత గీసి, చెరిపేశాడు.

"తప్పు కాటా ఇచ్చేవు. సరే, దానికీ నేను అలవాటు పడిపోయేను. లెక్క కుదిరింది. నాకు సెప్పకుండా మంచి కాటా పెట్టేవు సూడు, అక్కడ ముంచేవురా" అన్నాడు. మళ్ళీ, "బావ సరిగ్గా సదివేడు. నేను నిన్ను అడగమన్నాను" అన్నాడు. అది ఆయన నాతో అన్నట్టు లేదు.

ఆకలికి ఆగలేక పులిహోర అక్కడే తిన్నాం. ఫోను చేస్తే ఊళ్ళో అతనెవరో పాకలోంచి నా డబ్బా తీసి నావ మీద తెచ్చి ఇచ్చేసరికి తోటలో వాళ్ళు పచ్చి కొబ్బరితో కడుపు నింపుకున్నారట. ఆ తరువాత ఏ విందులో కనబడినా దేవరాపల్లి ఆయన మామయ్య విస్తరి వైపు వంగి, "వెలితి ఎంతుంది బావా" అని అడగకుండా ముద్ద ఎత్తలేదు. మామయ్య ప్రతిసారీ విన్నాడు. నన్ను మాత్రం ఎవరి ముందూ ఒక్క మాట అనలేదు.

ఇప్పుడు నేను ఒక ఫ్యాక్టరీలో మీటర్లు సరిచూసి, బాగున్నవాటికి చీటీ అంటించే ఉద్యోగం చేస్తున్నాను. (దేవుడికి కూడా కాటా ఉన్నట్టుంది.) ఇంట్లో బల్బు మార్చినా అందరినీ పిలిచి చెప్పి మారుస్తాను. మా ఆవిడ "మైకు పెట్టించమంటారేటి" అంటుంది. ఆ బోటు ఎప్పుడో అమ్ముడుపోయింది. మామయ్య కాటా మాత్రం ఇంకా నడుస్తోంది.

మొన్న ఆయన్ని రాయవరం తీసుకెళ్ళడానికి నా కారు ఎక్కించాను. తాళం తిప్పగానే ముందుకు వంగి పెట్రోలు ముల్లు చూశాడు.

"ఇది ఉన్నది సెప్తాదా, వెలితి సెప్తాదా?"

"ఉన్నదే మామయ్యా."

"ఎప్పట్నించి?"

"కొన్నప్పటి నుంచీ" అన్నాను. ఆయన ముల్లు ఊగడం ఆగేదాకా చూశాడు. తరువాత నా ముఖం చూశాడు. అప్పుడు బెల్టు పెట్టుకున్నాడు.