మిరపకాయ కింద చుక్క

యాభై రెండేళ్ళ వయసులో నేను అరబ్బీ అక్షరాలు దిద్దాను. ఆసక్తితో కాదు, భయంతో. విరుదునగరంలో నేను పనిచేసే మిరపకాయల మండీ నుంచి సరుకు గల్ఫుకు పోతుంది. సంచుల మీద అరబ్బీలో అచ్చు వేయాలి. "ఆ అచ్చు సరిగ్గా ఉందో లేదో చూసే మనిషి కావాలి. నువ్వు నేర్చుకుంటే నువ్వే ఉండు. లేదంటే ఆ చదువు వచ్చినవాళ్ళని పెట్టుకుంటాను" అన్నాడు ఓనరు. ఇరవై ఏళ్ళుగా కూర్చున్న కుర్చీ అది. ఈ వయసులో ఇంకో కుర్చీ నాకెవరిస్తారు?

కోవిల్‌పట్టిలో మా వీధి చివర, గల్ఫులో చాలాకాలం పనిచేసి వచ్చిన ఒక భాయ్ ఉన్నాడు. ప్రతి ఆదివారం పొద్దున పలక పట్టుకుని ఆయన తిన్నె మీద కూర్చునేవాణ్ణి. వీధిలో పిల్లలు నన్ను చూడటానికి ప్రత్యేకంగా ఆగేవాళ్ళు.

మొదటి చిక్కు చుక్కలతో వచ్చింది. ఇంట్లో తెలుగే మాట్లాడినా, నేను చదివింది తమిళ బడిలో. తమిళంలో అక్షరం నెత్తిన చుక్క పెడితే అది పొల్లు. ఆ అలవాటుతో చుక్క కనిపించిన చోటల్లా పెదవులు బిగించి చదివాను. భాయ్ కాసేపు ఓర్చుకున్నాడు.

"సార్, మీ బడిలో చుక్క పెడితే అక్షరం నోరు మూసుకుంటుంది. ఇక్కడ చుక్క పెడితే ఇంటిపేరే మారిపోతుంది" అన్నాడు.

ఒకే వంపు అక్షరం. చుక్క లేకపోతే 'హ', కింద చుక్క పెడితే 'జ', పైన పెడితే 'ఖ'. 'హార్' అంటే కారంగా ఉన్నది, 'జార్' అంటే పొరుగువాడు. ఇంతవరకు బుర్రకు ఎక్కింది. నోటికే ఎక్కలేదు. 'హ' అనబోతే నాకు 'క' వచ్చేది.

"కార్" అన్నాను.

"అర్థం సరిపోయింది. భాషే మీది" అన్నాడు భాయ్.

కళ్ళద్దాలు తుడిచే ముందు వాటి మీద ఆవిరి ఊదుతామే, అలా గొంతులోంచి వదలాలట. ఇంటికొచ్చి మా అమ్మ కళ్ళద్దాల మీద సాధన చేశాను. తల ప్రాణం తోకకొచ్చింది గానీ అద్దాలు మాత్రం తళతళలాడాయి.

"ఏమిరా, గొంతులో ముల్లు చిక్కిన పిల్లి మాదిరి ఏల ఆ కూత? నా కంటద్దం అరిగిపోతాది!" అంది అమ్మ.

మూడో నెలలో కొత్త సంచి నమూనా వచ్చింది. ఓనరు బల్ల మీద పరిచి చదవమన్నాడు. మిరపకాయ అనే మాట గట్టెక్కించాను. తర్వాతి మాటలో మొదటి అక్షరం కింద ఒక చుక్క ఉంది. సిరా మరకేమోనని గోటితో గీకాను. పోలేదు.

"అణ్ణాచ్చీ, ఇది కారం మిరపకాయ కాదు. పక్కింటాయన మిరపకాయ" అన్నాను ఓనరుతో.

ఓనరు నమ్మక ఫోటో తీసి దుబాయిలో కొనేవాళ్ళకు పంపాడు. వాళ్ళ నుంచి జవాబుగా వచ్చిన వాయిస్ మెసేజీలో ముందు నవ్వే వినిపించింది. అచ్చు ఆగింది, నా కుర్చీ నిలిచింది.

ఆ సాయంత్రం బస్సు దిగి దాదాపు పరుగెత్తాను. పాత క్యాలెండర్ కాగితం వెనక 'హార్' అని పెద్దగా రాసి, సంగతంతా చెప్పి, అమ్మ చేతిలో పెట్టాను. అమ్మ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"బాగుండాది. మన మాటకు గూడా రాత ఉండాదంట గదరా? దాంట్లో కారం అని రాయి, చూస్తాను. నేను ఒగసారి గూడా చూడలా."

పెన్ను తీసుకున్నాను. పుట్టినప్పటి నుంచి ఆమెతో మాట్లాడుతున్న భాష. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నాకు చాలా సిగ్గేసింది.

అమ్మ నా చేతిలోంచి పెన్ను తీసి పక్కన పెట్టింది.

"పోనీలే. ఆ భాయ్‌ని అడుగు, ఆయనకు తెలుసునేమో."

ఎగతాళికి కాదు, నిజంగానే అంది.