సనోబర్ పట్టుకెళ్లని గోంగూర

కంకిపాడు దాటాక కాలువ గట్టు పక్కన శౌరమ్మకు ముప్పై సెంట్ల ఆకుకూరల తోట ఉంది. ఆ తోటకంటే పెద్దది ఆవిడ నోరు. దానికి జడిసి దారినపోయే మేకలు కూడా గోంగూర మడివైపు చూడవని మొగుడు అంతోని అంటాడు. అంటాడుగానీ, ఆవిడ వినేంత దగ్గర్లో ఉండి మాత్రం అనడు.

అంత మాటకారీ ఒక్క పిల్ల ముందు ఓడిపోయింది. ఆ పిల్ల పేరు సనోబర్. విజయవాడ మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటులో కెమిస్టు. వేసవిలో కాలువ కట్టేశాక ఆ శుద్ధిచేసిన నీళ్లే పైపులో తోటకు వస్తాయి. అంత శుభ్రం చేసినా వాటిలో ఏవో మొండి రసాయనాలు మిగిలిపోతున్నాయని, వాటిని వడగట్టే ప్రయోగం శౌరమ్మ తోటలోనే మొదలుపెట్టారు.

"అంటుకోని పెనాలుంటాయి చూడండి, వాటికి పూసేలాంటివి పిన్నిగారూ," అని చెప్పింది సనోబర్ మొదటిరోజు.

"మరిగిస్తే చావవా?"

"చావవండి."

"పోనీ, పటిక తిప్పితే?"

"దానికీ లొంగవు. ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి."

"అయితే మా ఆయన జాతేనన్నమాట," అంది శౌరమ్మ. సనోబర్ పడీపడీ నవ్వింది. కొబ్బరిచిప్పల బొగ్గు నింపిన రెండు నీలం డ్రమ్ములు దింపారు. ఇక నీళ్లు వాటి గుండానే మడుల్లోకి పారాయి.

డ్రమ్ముల సంగతి బజారుకు పాకింది. రోజూ కొనేవాళ్లలో సగంమంది "మురుగునీళ్ల కూరటమ్మా" అంటూ పక్క బుట్టకు పోయారు. శౌరమ్మ దాన్ని తట్టుకుంది. తట్టుకోలేనిది ఇంకొకటుంది. వచ్చినప్పుడల్లా గోంగూర కట్ట చేతిలో పెట్టబోతే, సనోబర్ "రిపోర్టు రానివ్వండి పిన్నిగారూ" అని నవ్వేసి స్కూటీ ఎక్కేది. చేతికిచ్చిన కూర కాదనడమంటే మన వైపు ఎంత మాట! "నీళ్లు పరీక్షించే పిల్లే తినకపోతే ఊళ్లోవాళ్లకి ఏ మొహం పెట్టుకుని అమ్మనయ్యా?" అని అంతోని దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ పిల్ల ఒక్క కట్ట పట్టుకెళ్తే చాలు, ఆవిడకి ఇంకేం అక్కర్లేదు.

నాలుగు నెలలకు డ్రమ్ముల్లో బొగ్గు మార్చారు. పాత బొగ్గు బస్తాలు వారంలో తీసుకెళ్తామని పాకలో పెట్టారు. సరిగ్గా అప్పుడే తోటకూరకు పేను పట్టింది. ఆకుకూరకు పేను పడితే తెల్లవారి మంచు ఆరకముందే బూడిద చల్లడం వాళ్లమ్మ నాటి నుంచీ అలవాటు. బూడిద లేదు, బొగ్గుంది. ఇంకేం, ఒక బుట్టెడు తీసి రోకలితో మెత్తగా దంచి మడంతా చల్లేసింది. బంగారంలాంటి బొగ్గు పారేస్తారా, పిచ్చిమాలోకాలు అనుకుంది కూడా.

మూడోరోజు సనోబర్ ఆఖరి పరీక్షకు వచ్చింది. గోంగూర, పాలకూర కోసి సంచుల్లో కట్టుకుంటూ, "బొగ్గు ఆ మొండి రసాయనాల్ని చంపదండి. పట్టుకుని కూర్చుంటుంది, అంతే. అందుకే పాత బొగ్గుని పెద్ద కొలిమిలో కాల్పించాలి," అంది మాటవరసకి.

శౌరమ్మ చూపు చప్పున తోటకూర మడి మీదికి పోయింది. చల్లిన పొడి తడికి మట్టిలోకి దిగిపోయి, మడి నవనవలాడుతోంది. సనోబర్ ఆ మడి జోలికి పోలేదు, సంచులు సర్దేసుకుంది. నోరు మూసుకుంటే గండం గడిచినట్టే. ఆ ఊరుకోవడమే ఆవిడకి చేతకాని విద్య.

"అమ్మాయ్, ఆగు. ఆ మడిలో నేనో వెధవ పని చేశాను."

సనోబర్ అంతా విని తల పట్టుకుంది. "అమ్మారా? తిన్నారా?"

"లేదు తల్లీ, కొడవలే పెట్టలేదు."

"ముక్కుకి గుడ్డయినా కట్టుకోకుండా దంచారా?" అని అప్పుడు మాత్రం గట్టిగా కేకలేసింది. అంతోని మహదానందంగా విన్నాడు. ఆ పూటే ముగ్గురూ ముక్కులకు గుడ్డలు కట్టుకుని మడంతా పీకి, జానెడు లోతు మట్టి తవ్వి బస్తాలకెత్తారు. పాత బొగ్గుతో పాటే ఆ బస్తాలనూ పంపించేశారు.

ఇరవై రోజులకు సనోబర్ మళ్లీ వచ్చింది. గోంగూర, పాలకూర రెండూ పాసయ్యాయని చెప్పి, స్కూటీ డిక్కీలోంచి గుడ్డసంచి తీసింది. "రెండు కట్టలు గోంగూర ఇవ్వండి పిన్నిగారూ. అమ్మ పచ్చడి చేస్తానంది."

శౌరమ్మ కొడవలి అందుకుంది. ఎంచి ఎంచి కోస్తుంటే సనోబర్ ఖాళీ మడివైపు చూసి, "నిజం చెప్పనా? ఆ రోజు ఆ తోటకూర మీదే మనసుపడ్డాను. రిపోర్టు రాగానే ముందు అదే అడుగుదామనుకున్నా," అంది.

శౌరమ్మ గబుక్కున సిలువ గుర్తు వేసుకుంది. తర్వాత కళ్లు తుడుచుకుని, సంచిలో ఇంకో కట్ట కొసరు పెట్టింది.