వెనకబడ్డ గొంతు

దయ్యాల కబుర్లను మా ఇంట్లో ఎవరూ సహించేవారు కారు. నేనూ నమ్మను. ఇది రాస్తున్నానని ఆ మాట వెనక్కి తీసుకోవడం లేదు.

భద్రాచలం అడవి అంచున కొన్ని ఊళ్లు ఒకప్పుడు మా తాత మాట మీద నడిచేవి. ఇప్పుడు నేను ఒక లోకల్ చానల్‌లో వీడియో ఎడిటర్ని. నాన్న దాన్ని ఏనాడూ ఉద్యోగం అనలేదు.

పాత దొరల కుటుంబాల మీద మా చానల్ కార్యక్రమానికి ఆయన్ని రికార్డ్ చేశారు. దృశ్యం కెమెరాలో, గొంతు వేరే రికార్డర్‌లో. మొదట కెమెరా ముందు ఒకసారి చప్పట్లు కొడతారు. ఎడిటింగ్‌లో ఆ చప్పుడును దృశ్యంలో చేతులు కలిసిన చోట పెడితే, మాట పెదవులకు సరిపోతుంది.

కెమెరామన్ యాకూబ్ చేతులెత్తగానే నాన్న లేచి నిలబడ్డారు.

"నా మొహం ముందర చప్పట్లు కొడ్తవా? నేనేమన్న కోతినా, ఆడిస్తానికి?"

"గట్లయితే మీ గొంతు ఎటన్న పోతది దొరా," యాకూబ్ నవ్వాడు. "మీ కొడుకే ఎతుక్కోవాలె."

చప్పట్లు లేకుండానే రికార్డ్ చేయమన్నాను. ఈనాటికీ అది తప్పనుకోను.

పెదవులు చూసుకుంటూ గొంతు కలిపాను. సరిపోయింది. మళ్లీ ప్లే చేస్తే వెనకబడి ఉంది. సరిచేసిన కొద్దీ ఇంకా వెనకబడింది. మరో కంప్యూటర్‌లోనూ అంతే. మిగతావాళ్ల ఇంటర్వ్యూలు బాగానే ఉన్నాయి. చివరికి అలాగే ప్రసారమైంది.

మా కిరాయి ఇంటి గోడ అవతల పక్కింటివాళ్లు పగలబడి నవ్వారు.

"దొర నోరు ముందొచ్చింది, మాట ఎనకొచ్చే బస్సుల వస్తందిరో!"

నాన్న టీవీ కట్టేయమని సైగ చేశారు. నావైపు తిరిగారు. పెదవులు కదిలి మూసుకున్నాయి. ఆ తర్వాత నా పేరు వినిపించింది.

కళ్లు పరీక్ష చేయించుకున్నాను. లోపం లేదన్నారు. యాకూబ్‌ను పిలిపించి నాన్న ముందు కూర్చోబెట్టాను. ఈసారి నవ్వలేదు.

"అవ్, నాక్కూడ కనబడ్తంది," అని గడప దిగాడు. మళ్లీ రాలేదు.

పెదవులకూ మాటకూ మధ్య ఆ ఎడం పెరుగుతూ పోయింది. డాక్టర్లకు ఏమీ దొరకలేదు. నాన్న మాట వచ్చేలోపే ఎదుటివాడు వెళ్లిపోయేవాడు. "కూర్చో" అన్నది ఖాళీ కుర్చీకి వినిపించేది. ఆయన మనుషుల్ని కలవడం మానేశారు.

చివరికి ఆయన్ని చేర్చిన దవాఖానాలో ఒక మధ్యాహ్నం నన్నే చూస్తూ చాలాసేపు పెదవులు కదిపారు. తర్వాత ఊపిరి ఆగింది. నేను ఆయన నోటి దగ్గర చెవి పెట్టి కూర్చున్నాను. చుట్టూ ఉన్నవాళ్లు ఏడుస్తున్నాననుకున్నారు.

"జల్దీ లేవుండ్రి సార్, మంచం కావాలె," అన్నాడు వార్డుబాయ్.

గోదావరి ఒడ్డున చితి ఆరేదాకా నిలబడ్డాను. అక్కడా ఏమీ వినబడలేదు.

కర్మలయ్యాక ఆ వీడియో తెరిచాను. నేను ముట్టుకోకుండానే గొంతు పెదవులకు అతికినట్టు సరిపోయింది. ఎలాగో నేను చెప్పలేను.

నాతో అన్న ఆ ఆఖరి మాట, దీవెనో శాపమో, ఇంకా రాలేదు.