అండాలు పెట్టని సంతకం

1998 నాటి సంగతి. మద్యనిషేధం ఎత్తేసి ఎంతో కాలం కాలేదు. బెంగుళూరు హైవే పొడుగునా మూతపడ్డ వైన్ షాపులు కొత్త రంగులేసుకుని మళ్లీ తెరుచుకున్నాయి. శంషాబాద్‌లో ఇవాళ విమానాలు దిగే వైపు అప్పుడు ద్రాక్షతోటలు, జొన్నచేలు ఉండేవి. బస్టాండు దగ్గర ఎరువుల దుకాణం పక్కన కిరాయికి తీసుకున్న ఒక్క గది నా ఆఫీసు. పగలు కోర్టు, సాయంత్రం ఆ గది. ఆడ వకీలు అనగానే విడాకుల కేసులే వస్తాయనుకుంటారు గానీ, హైవే పక్కన కూర్చున్న పాపానికి నా దగ్గరికి వచ్చేవన్నీ బండ్ల కేసులే. లారీలు, ట్రాక్టర్లు, జీపులు. పోలీసులు పట్టుకుపోయిన బండిని విడిపించడం నాకు కూరలో ఉప్పేసినంత అలవాటైన పని.

ఆ పని ఎట్లా జరుగుతుందో ముందు కాస్త చెప్పాలి. కేసులో పట్టుబడ్డ బండిని ‘కేస్ ప్రాపర్టీ’ అంటారు. కేసు తేలేదాకా అది ఠాణా ఆవరణలోనే ఎండాలి, వానకు తడవాలి. అది తుప్పు పట్టకముందే యజమాని కోర్టుకు వెళ్లి, ‘పిలిచినప్పుడు తెచ్చి చూపిస్తాను’ అని బాండు రాసి, జమానతు ఇచ్చి తెచ్చుకోవచ్చు. దీన్ని ‘ఇంటెరిమ్ కస్టడీ’ అంటాం, అంటే తాత్కాలికంగా అప్పగించడం. అయితే ఎవరికి అప్పగిస్తారు? నడిపేవాడికి కాదు. ఆర్‌సీలో, అంటే రిజిస్ట్రేషన్ కాగితంలో, ఎవరి పేరుంటే వాళ్లకి. మా వైపు మగవాళ్లు ఇక్కడే దొరికిపోతారు. బండి కొనేముందు పంతులును అడుగుతారు. “నీ పేరు మీద శని ఉన్నడు, ఇంటామె పేరు మీద తీస్కో, కలిసొస్తది” అంటాడాయన. ఇంకేముంది, బండి పెళ్లాం పేరున, తాళంచెవి మొగుడి జేబులో.

యాదగిరి బండీ అట్లాంటిదే. పాత డీజిల్ అంబాసిడర్. పెళ్లిళ్లకు, దవాఖానలకు కిరాయికి తిప్పేవాడు. నిషేధం ఉన్న రోజుల్లోనే దాన్ని కొన్నాడు, ఇంటికి కొత్త రేకులేయించాడు. కల్లు తప్ప మరొకటి సులువుగా దొరకని ఆ కాలంలో మంచి డ్రైవరని పేరు కూడా తెచ్చుకున్నాడు. షాపులు తెరిచాక ఆ పేరు పోయింది. ఒకరోజు పట్టపగలు తాగి నడుపుతూ ముందు పోతున్న ఎద్దులబండిని గుద్దాడు. ఎద్దు కాలు విరిగింది. తోలే మనిషి పొదలో పడి బతికిపోయాడు. నోట్లో గొట్టం పెట్టి ఊదించే మెషిన్లు అప్పట్లో మా దగ్గర ఎక్కడివి? దవాఖానకు తీసుకుపోతే డాక్టరు వాసన చూసి, గీత మీద నడవమని, నెత్తురు తీసి పంపేవాడు. యాదగిరి నడవడం మాట అటుంచి, డాక్టరు బల్ల పట్టుకుని నిలబడ్డాడట. తర్వాత జమానతు మీద వాడు బయటికొచ్చాడు గానీ కారు లోపలే ఉండిపోయింది.

“ఎట్లన్న జేసి నా బండి ఇప్పియ్యుండ్రి మేడం. బండి లేకుంటె నేను పీనుగ లెక్క” అంటూ వచ్చాడు నా దగ్గరికి.

“ఆర్‌సీ ఎవరి పేరు మీదుంది?”

“నా పెండ్లాం పేరు మీద. గదేముంది మేడం, ఏడ పెట్టుమంటె ఆడ పెడ్తది సంతకం.”

నా నోరు మంచిది కాదని కోర్టంతా పేరు. “గుద్దింది ఎద్దును కాబట్టి కూర్చోబెట్టి మాట్లాడుతున్నాను. మనిషినయితే నా గడప తొక్కనిచ్చేదాన్ని కాదు” అన్నాను. తల వంచుకున్నాడు. తాగనప్పుడు ఎంత మెత్తటి మనిషో! తిట్టినందుకు నాకే జాలేసింది.

పిటిషన్ వెయ్యకముందు బండిని నా కళ్లతో చూసుకోవడం నా పద్ధతి. ఠాణాలో నిలబెట్టిన బండ్లలో స్టెప్నీలు, బ్యాటరీలు కాళ్లొచ్చి నడిచిపోతుంటాయి. ఏది ఉందో, ఏది లేదో ముందే రాసుకుంటే తర్వాత లొల్లి ఉండదు. మర్నాడు పొద్దున భార్యను తీసుకుని హైవే మీది ఠాణాకు రమ్మన్నాను. నేను వెళ్లేసరికే వచ్చి ఉన్నారు. ఆమె పేరు అండాలు. సన్నగా, నల్లగా, పాతికేళ్లు దాటని మనిషి. చంకలో ఆడపిల్ల.

పట్టుబడ్డ లారీల సందులో ఉంది అంబాసిడర్. ముందు భాగం లోపలికి నొక్కుకుపోయింది, ఒక లైటు వేలాడుతోంది, బానెట్ మీద మేకపిల్లలు ఎక్కి నిలబడ్డాయి. వెనక అద్దం మీద ఎర్ర అక్షరాలతో పెద్దగా ‘అండాలు’ అని రాయించి ఉంది. యాదగిరి మేకపిల్లల్ని అదిలించి, కారు మీది దుమ్మును తువ్వాలతో తుడుస్తూ ఏడ్చాడు. పశువును నిమిరినట్టు నిమిరాడు దాన్ని.

“జల్ది తీస్కపోండమ్మా, ఈడ జాగ లేదు” అన్నాడు స్టూలు మీద కూర్చున్న ముసలి హెడ్ కానిస్టేబుల్.

నేను వకాలత్ తీశాను. వకీలుకు కేసు అప్పగిస్తున్నానని కక్షిదారు సంతకం పెట్టే కాగితం అది. అండాలు ఐదో తరగతి దాకా చదివింది, సంతకం వచ్చు. పెన్ను చేతికిచ్చాను. తీసుకుంది. కారు వైపు చాలాసేపు చూసి, పెన్ను మళ్లీ నా చేతిలోనే పెట్టేసింది.

“నేను పెట్ట.”

“ఏందే?” అన్నాడు యాదగిరి.

“పెట్ట అంటున్న గద. బండి ఈడ్నే ఉండనీ.”

యాదగిరి నవ్వాడు. “మజాక్ జేస్తుంది మేడం.”

“మజాక్ గాదు” అంది అండాలు. గొంతు పెంచలేదు. “గీ బండి ఇంటికొస్తె నువ్వు ఇంటికి రావు. ఎన్నడో ఒకనాడు నిన్ను చాపల చుట్టి తెస్తరు. గది నేను జూడలేను.”

వాడు గబుక్కున వచ్చి పిల్ల తల మీద చెయ్యి పెట్టాడు. “బిడ్డ మీద ఒట్టు. ఇగ ముట్ట.”

అండాలు ఆ చేతిని ఛెళ్లున కొట్టింది. “పిల్ల నెత్తి మీదికెల్లి చెయ్యి దియ్యి! ఒట్టు దప్పితే పొయ్యేది నీ పానమా, దాని పానమా?”

హెడ్ కానిస్టేబుల్ స్టూలు మీద నుంచి లేచాడు. “అట్లంటె ఎట్లమ్మా? బండి ఖరాబైతది. మీ పొట్ట ఎట్ల గడుస్తది?”

“తోటలల్ల కూలికి పోత సారు. రెక్కలున్నయి గద.” తర్వాత నా వైపు తిరిగింది. “వకీలమ్మా, ఒక్క మాట నిజం జెప్పు. నేను సంతకం పెట్టకుంటె ఈయన తీస్కపోవచ్చా?”

“తీసుకుపోలేడు” అన్నాను.

యాదగిరి నన్ను కొరకొరా చూశాడు. “మేడం, మిమ్ముల పెట్టుకున్నది నా దిక్కు మాట్లాడనీకి.”

“పెట్టుకున్నావు, కాదనను. పిటిషన్ మాత్రం ఆమె పేరున వెయ్యాలి. ఆమె వద్దంటే బ్రహ్మదేవుడొచ్చినా వెయ్యలేడు” అని వాడి కాగితాలు వాడికిచ్చేశాను. నిజం చెప్పొద్దూ, ఆ పిల్ల తెగువ చూసి నాకు లోపల సంబరంగా ఉంది.

ఊళ్లోవాళ్లకు లేదు. అండాలును ఆడిపోసుకున్నారు. “మొగుని నోట్ల మన్నుగొట్టింది” అన్నారు. ఎరువుల దుకాణం దగ్గర నిలబడి నాకు వినబడేటట్టే అనేవాళ్లు. పొద్దున పూట ద్రాక్షతోటలకు పోయే ట్రాక్టరు ట్రాలీలో ఆడవాళ్ల మధ్య అండాలు కనిపించేది. నన్ను చూసి తల ఊపేది. తర్వాత నేను నా కేసుల్లో పడిపోయాను.

కొన్ని నెలలకు ఒక సాయంత్రం ఆమే నా గదికి వచ్చింది. నుదుట బొట్టు లేదు. చేతిలో కోర్టు నోటీసు.

యాదగిరి పోయాడు. హిమాయత్ సాగర్ వైపు ఎవరినో పెళ్లికి దింపి వస్తూ, తాగి, ఆగి ఉన్న లారీ కిందికి దూరాడు. అదే అంబాసిడర్. ఆ బండి ఠాణాలో కదా ఉండాలి? ఎవరు ఇప్పించారు?

“నేనే ఇప్పిచ్చిన్నట” అంది అండాలు, నోటీసు నా ముందు పెట్టి. ఎద్దులబండి కేసు ఇంకా నడుస్తోంది. ముద్దాయి చనిపోయాడన్న కబురు కోర్టుకు చేరలేదు. ‘నువ్వు బాండు రాసి తీసుకున్న కారును తెచ్చి చూపించు’ అని అండాలుకు నోటీసు పంపారు.

మర్నాడు కోర్టులో ఫైలు తీయించి చూశాను. యాదగిరి ఇంకో వకీలును పట్టుకున్నాడు. వకాలత్ మీద, బాండు మీద సంతకం లేదు, వేలిముద్ర ఉంది. పక్కన ‘అండాలు వేలిముద్ర’ అని రాసి ఉంది. ‘ఈమెను నేనెరుగుదును’ అంటూ వకీలు సంతకం. దీన్ని ‘ఐడెంటిఫికేషన్’ అంటాం, ఎదురుగా ఉన్న మనిషి ఆ మనిషేనని వకీలు పూచీ పడటం. కొంగు నెత్తి మీదికి లాక్కుని నిలబడ్డ ఒక ఆడమనిషిని చూసి ఆయన పూచీ పడిపోయాడు. పల్లె ఆడది కదా, సంతకం వచ్చా అని ఎవరూ అడగలేదు. ఠాణాలో ఆ రోజు ఆ ముసలి హెడ్ కానిస్టేబుల్ డ్యూటీలో లేడు. ఆర్డరు చూపించగానే బండి ఇచ్చేశారు. దాన్ని ఇంటికి తేకుండా వేరే ఊళ్లో పెట్టుకుని తిప్పాడట, అండాలుకు చావు కబురుతోనే తెలిసింది.

ఆ ఆడమనిషి ఎవరో అండాలుకు తెలుసు. ఆడబిడ్డ బాలమణి, యాదగిరి చెల్లెలు. యాదగిరి పోయిన మూడో నాడు పిట్టకు, అంటే కాకికి, ముద్ద పెట్టేటప్పుడు వదిన కాళ్లు పట్టుకుని, “నేనే ఏలిముద్రేసిన వదినా, అన్న బతుకుతడని ఏసిన” అని ఏడ్చిందట. పక్కన ఇంకెవరూ లేరు. ఊరికి మాత్రం కాగితం మీది పేరే తెలుసు. నిన్నటిదాకా సంతకం పెట్టలేదని తిట్టిన నోళ్లే, “సంతకం పెట్టి బండి ఇప్పిచ్చి మొగున్ని సంపుకుంది” అనడం మొదలుపెట్టాయి. ఛీ, ఏం మనుషులో!

ఆమె కష్టం చూసి సులువు దారి చెప్పాను. “యాదగిరి పోయాడు కాబట్టి కేసు ఎట్లాగూ మూసేస్తారు. కారు నుజ్జయిందని రాసిద్దాం, నోటీసు పోతుంది. వేలిముద్ర సంగతి కదిలించొద్దు. కదిలిస్తే బాలమణి మెడకు చుట్టుకుంటుంది.”

అండాలు ఒప్పుకోలేదు.

“గట్ల రాస్తె నేను ఇప్పిచ్చిన్నని ఒప్పుకున్నట్టే గద, వకీలమ్మా? రేపు నా బిడ్డ పెద్దగయ్యి అడుగుతది, ‘నాయన బండి నువ్వే తెచ్చినవా అమ్మా’ అని. ఊరందరు అవునంటరు. కోర్టు గూడ అవునంటది. నేనొక్కదాన్ని కాదంటె ఎవలు నమ్ముతరు? నాకింకేం వద్దు. నేను పెట్టలేదని రాయించు. గంతే.”

“మరి బాలమణి?”

“దాని పేరు నా నోట రాదు.”

ఆ మాట మీద నేను ఆమెతో చాలా వాదించాను. ఎవరు వేశారో చెప్పకుండా, నేను వెయ్యలేదంటే కోర్టు ఊరుకుంటుందా, నిన్నే నిలదీస్తుంది, అబద్ధమాడుతున్నావంటుంది అన్నాను. వింది. విని, “అననీ” అంది.

వాయిదా రోజున మెజిస్ట్రేట్ బాండు చూపించి అడిగారు. “ఈ వేలిముద్ర నీదేనా?”

“నాది గాదు సారు. నాకు సంతకం వస్తది.” అని, కాగితమడిగి రాసి చూపించింది. అక్షరాలు వంకరపోయాయి.

“మరి ఎవరిది?”

“ఎవలదో నాకెర్కలేదు. నాది మాత్రం గాదు. గది రాసుకోండ్రి సారు.”

మెజిస్ట్రేట్ రెండుసార్లు గద్దించారు. మూడోసారీ అదే జవాబు. చివరికి ఆమె వేలిముద్ర తీయించి పోల్చి చూడమన్నారు. తర్వాత వాయిదాలో, బాండు మీది ముద్ర అండాలుది కాదని రికార్డులో రాయించి నోటీసు రద్దు చేశారు. పూచీ పడ్డ వకీలును నిలబెట్టి కడిగేశారు. ఆ ముద్ర ఎవరిదో కనుక్కోమని పోలీసులకు చెప్పారు గానీ, చచ్చినవాడి కేసులో ఎవరు తిరుగుతారు? అది అక్కడే ఆగిపోయింది.

ఆర్డరు కాపీ చేతికొచ్చిన రోజు కోర్టు వరండాలో బాలమణి ఎదురైంది. పోలీసులొస్తారేమోనని బిక్కచచ్చిపోయి ఉంది. “నన్ను జేల్ల ఏస్తరా వదినా?” అంటూ గోడకు చేరగిలబడి ఏడ్చింది. నాకైతే చెంప పగలగొట్టాలనిపించింది. అండాలు మాత్రం కాపీని మడిచి జాకెట్లో పెట్టుకుని, ఆమె భుజం పట్టుకుని లేపింది.

“నువ్వు మీ అన్న మీద పానంతోని ఏలేసినవ్. నేను గూడ గందుకే ఎయ్యలే. నడువ్, బస్సు పోతది.”

ఇద్దరూ కలిసే వెళ్లారు. నేను ఆ వరండాలోనే కూర్చుని, నల్లకోటుతోనే, సిగ్గు లేకుండా ఏడ్చాను.

ఇన్నేళ్లలో ఎన్నో బండ్లు విడిపించాను. చట్టం అడిగేది ఆర్‌సీ, ఇన్సూరెన్సు, జమానతు, ఇంతే. ఆ కేసు తర్వాత నేను ఇంకొకటి అడుగుతున్నాను. బండి ఆడమనిషి పేరున ఉంటే, వచ్చిన మగవాళ్లను, అత్తలను, ఆడబిడ్డలను అందరినీ బయటికి పంపి తలుపు వేస్తాను. “అమ్మా, ఈ బండి ఇంటికి రావాలని నీకుందా?” అంటాను. చాలామంది ఉందనే అంటారు, సంతకం పెట్టి పోతారు. ఎప్పుడో ఒకామె జవాబు చెప్పకుండా తలుపు వైపు భయంగా చూస్తుంది. అప్పుడు నేనే తలుపు తీసి, బయట ఉన్నవాళ్లతో ఈ కేసు నేను పట్టనని చెప్పేస్తాను. వాళ్లు నన్ను తిట్టుకుంటూ వెళ్తారు. ఆమెను తిట్టకుండా పోతారు, నాకంతే చాలు.